చూపులేని శిష్యుడి చేతికి మొదటి ఉలి: మూడు కార్బైడ్ టూళ్ల సెట్ ఏ మేరకు పనికొస్తుంది?

కర్రను లేత్‌కు బిగించి, తిప్పుతూ, ఉలితో రూపం తీసే పనికి తెలుగులో తరిమెన పని అని పాత పేరు. ఏటికొప్పాక లక్కపిడతలు, బొంగరాలు, మంచం కోళ్లు అన్నీ ఆ పనిలోంచి వచ్చినవే. చూపులేనివాళ్లకు ఇది నేర్పవచ్చా అనే సందేహం ఇప్పుడు ఎవరికీ ఉండనక్కర్లేదు. బ్రిటన్‌లో క్రిస్ ఫిషర్ 2008లో చూపు పోయిన తర్వాతే లేత్ పని నేర్చుకుని దాన్ని వృత్తిగా చేసుకున్నారు, ఇతరులకూ నేర్పుతున్నారు. అమెరికాలో 'వుడ్‌వర్కింగ్ ఫర్ ద బ్లైండ్' అనే సంస్థ వడ్రంగం పత్రికలను చదివి, రికార్డు చేసి, చూపులేని పనివాళ్లకు అందిస్తూ వచ్చింది. నేర్పేవాళ్లు తేల్చుకోవాల్సిందల్లా మొదటి రోజు చేతికి ఏ ఉలి ఇవ్వాలన్నదే.

చాలామంది శిక్షకులు కార్బైడ్ (చాలా గట్టి లోహ మిశ్రమం) పలక బిగించిన టూళ్ల సెట్‌తో మొదలుపెట్టమంటారు. అమెరికా కంపెనీ ఈజీ వుడ్ టూల్స్ ఈ తరహాకు పేరు తెచ్చింది. ఇప్పుడు ఊరూపేరూ లేని సెట్లతో సహా ఎన్నో రకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పెట్టెలో సాధారణంగా మూడు టూళ్లుంటాయి: చదరపు పలకది, గుండ్రని పలకది, వజ్రాకారపు పలకది. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు. ఈ మూడూ చూపులేని విద్యార్థి చేతిలో ఎలా పనిచేస్తాయి, కొనేటప్పుడు ఏం తడిమి చూడాలి, పెట్టెలో రానివి ఏమేం సమకూర్చుకోవాలి అన్నదే విషయం.

మామూలు గౌజ్‌తో (దోనెలా వంపు ఉన్న ఉలి) కోసేటప్పుడు పిడి ఎత్తు, ఉలి పక్కకు ఒరిగిన కోణం, చెయ్యి కదిలే దిశ మూడూ ఒకేసారి సరిపోవాలి. కార్బైడ్ టూల్‌లో మొదటి రెండూ మారవు. కడ్డీని టూల్ రెస్ట్ (ఉలిని ఆనించే ఆసరా) మీద చదునుగా ఆనించి, నేలకు సమాంతరంగా పట్టుకుని, నెమ్మదిగా ముందుకు తోయాలి. అంటే కొత్తగా వచ్చినవాడు ఒకే ఒక్క కదలిక మీద మనసు పెట్టగలడు. కడ్డీ అడుగు రెస్ట్‌కు పూర్తిగా ఆనిందో లేదో ఎడమచేతికి వెంటనే తెలుస్తుంది. అందుకే కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది కడ్డీ ఆకారం. చదరపు కడ్డీయే కావాలి. గుండ్రటి కడ్డీతో చవకగా వచ్చే సెట్లు రెస్ట్ మీద పక్కకు దొర్లుతాయి. పలక ఒక పక్కకు ఒరిగిందని చూపున్నవాడు చూసి సరిదిద్దుకుంటాడు. చూపులేనివాడికి ఆ సంగతి టూల్ కర్రలో దిగబడ్డాకే తెలుస్తుంది.

రెండో పరీక్ష ఎవరూ చెప్పనిది, మా దృష్టిలో మొదటిదానికన్నా ముఖ్యమైనది. మూడు టూళ్లలోనూ కడ్డీ అడుగు నుంచి పలక పైముఖం దాకా ఎత్తు ఒకటేనా? మూడింటినీ చదునైన బల్ల మీద పక్కపక్కన పెట్టి, గోటితో ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి జారితే తెలిసిపోతుంది. మెట్టు తగిలితే ఆ సెట్ వద్దు. ఎందుకంటే పలక పైముఖం సరిగ్గా కర్ర నడిమి ఎత్తులో ఉంటేనే ఈ టూల్ సవ్యంగా కోస్తుంది. మూడూ ఒకే ఎత్తులో ఉంటే రెస్ట్‌ను ఒకసారి సర్ది వదిలేయవచ్చు. లేకపోతే టూల్ మార్చిన ప్రతిసారీ ఎత్తు మార్చాలి. తప్పులు అక్కడే మొదలవుతాయి.

ఆ ఎత్తు చేత్తో సర్దుకునే పద్ధతి ఇది. ప్లగ్ తీసేయాలి. టెయిల్‌స్టాక్‌లో (కర్ర కుడి కొసను పట్టే భాగం) లైవ్ సెంటర్ (కర్రతోపాటు తిరిగే మొన) పెట్టి, రెస్ట్ మీద టూల్ ఆనించి, పలక అంచును సెంటర్ మొన దాకా తేవాలి. చూపుడువేలి గోరును సెంటర్ మొన మీంచి పలక మీదికి జార్చాలి. గోరు కిందికి దిగితే రెస్ట్ తక్కువలో ఉన్నట్టు, పైకి ఎక్కితే ఎక్కువలో ఉన్నట్టు. రెండూ సమంగా తగిలాక రెస్ట్ బిగించి, దాని కాండానికి ఒక షాఫ్ట్ కాలర్ (స్క్రూతో బిగించే ఉంగరం) తొడిగి స్క్రూ బిగించేయాలి. ఇక రెస్ట్‌ను తీసి పెట్టినా అదే ఎత్తులో వచ్చి కూర్చుంటుంది. ఈ కాలర్ ఏ సెట్‌లోనూ రాదు. బేరింగుల దుకాణంలో కాండం వ్యాసం చెప్పి కొనుక్కోవాలి. చూపులేని విద్యార్థికి శిక్షకుడు పక్కన లేకపోయినా పనిచేసుకునే స్వేచ్ఛ ఇచ్చేవాటిలో ఇంత చిన్న వస్తువు ఇంకోటి లేదు.

గిన్నెల్లాంటి పనిలో ఈ ఎత్తు కొంచెం మారుతుంది. గిన్నె లోపల కోసేటప్పుడు పలక నడిమికి ఓ వెంట్రుకవాసి పైన ఉండాలి, అప్పుడు కొస కిందికి వంగినా ఖాళీలోకే పోతుంది. బయటివైపు కోసేటప్పుడు అదే కారణంతో కాస్త కింద ఉండాలి. పైకి లేపడానికి కాలర్ కింద పెట్టే పల్చటి వాషర్ ఒకటి చాలు, కిందికి దించాలంటే కాలర్‌నే కాండం మీద కాస్త పైకి జరిపి బిగించాలి.

మొదటి పాఠానికి 50 మిల్లీమీటర్ల చదరం, 250 మిల్లీమీటర్ల పొడవున్న ముక్క బాగుంటుంది. దొరికితే అంకుడు కర్ర. ఏటికొప్పాకవాళ్లు ఊరికే దాన్ని ఎంచుకోలేదు: మెత్తన, పోగు సన్నం, ఉలికి ఎదురు తిరగదు. ముక్కను బిగించే ముందు రెండు వేళ్ల మధ్య వేలాడదీసి వేలి కణుపుతో కొట్టి వినాలి. పగులు లేని కర్ర ఖంగుమంటుంది, పగులున్నది బొదబొదమంటుంది. ముడులు వేళ్లకే తెలుస్తాయి. హెడ్‌స్టాక్ (మోటారు తిప్పే భాగం) వైపు, కర్రలో గుచ్చుకుని దాన్ని తిప్పే నాలుగు పళ్ల డ్రైవ్ సెంటర్ బదులు స్టెబ్ సెంటర్ పెట్టడం మేలు. దాని మొనకు స్ప్రింగు ఉంటుంది, చుట్టూ చిన్న పళ్లుంటాయి. టెయిల్‌స్టాక్ బిగింపు తక్కువగా ఉంచితే, టూల్ కర్రలో ఇరుక్కున్నప్పుడు సెంటర్ జారి కర్ర ఆగిపోతుంది, టూల్ చేతిలోంచి ఎగిరిపోదు. కొత్తవాళ్లకు భయం తీర్చే పరికరం ఇది.

రెస్ట్‌కూ కర్ర మూలకూ మధ్య 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క దూరేంత సందు ఉంచాలి. ఆ తర్వాత కర్రను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని తేల్చుకోవాలి. ఇది చేయకుండా స్విచ్ మీద చెయ్యి పడకూడదు. సందు ఎక్కువైతే టూల్ మొన రెస్ట్ దాటి ఎక్కువ దూరం వేలాడుతుంది, అప్పుడు చిన్న దెబ్బ కూడా పిడి దగ్గర పెద్ద ఊపుగా వస్తుంది. కర్ర సన్నబడిన కొద్దీ మిషన్ ఆపి రెస్ట్‌ను దగ్గరికి జరపాలన్నది అందుకే. ఇక నిలబడే చోటు: స్విచ్ వేసే క్షణంలో కర్రకు ఎదురుగా కాకుండా పక్కగా ఉండాలి. నేల మీద రబ్బరు చాప వేసి దాని అంచునే గుర్తుగా పెట్టుకుంటే కాలికే తెలుస్తుంది.

మొదట 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర మొదలుపెట్టవచ్చు. చదరపు పలకతో కుడి కొస నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి తోసి, వెనక్కి తీసి, పలక వెడల్పులో సగం పక్కకు జరిగి మళ్లీ తోయాలి. పలక మొత్తం వెడల్పునూ ఒకేసారి దించితే కర్ర వణుకుతుంది, పైన అలల్లాంటి గీతలు పడతాయి. చదరపు ముక్క తిరుగుతున్నంతసేపూ టకటకమని విడివిడిగా దెబ్బలు వినిపిస్తాయి. మూలలు అరిగే కొద్దీ ఆ దెబ్బలు దగ్గరికి చేరి, గుండ్రం వచ్చేసరికి ఒకటే సన్నటి ధారలా మారతాయి. విద్యార్థికి నోటితో చెప్పకుండా ఆ మార్పును తనంతట తను పట్టుకోనివ్వాలి. ఆపిన తర్వాత అరచేత్తో నిమిరి చూసుకుంటే, ఎక్కడ చదును మిగిలిందో తెలుస్తుంది. తిరిగే కర్రను తాకడం మాత్రం ఎప్పుడూ కూడదు. మోటారు ఆపాక కూడా కర్ర కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు పూర్తిగా ఆగాక మూడు లెక్కపెట్టి, అప్పుడు చెయ్యి చాచాలన్నది నియమం.

నేర్పేవాళ్లు విద్యార్థి చేతిని పట్టుకుని తోయకూడదు. శిక్షకుడి చేతులు టూల్ మీద, వాటిపై విద్యార్థి చేతులు ఉండాలి. అప్పుడు ఎంత బలం పెట్టాలో అతను తనే కొలుచుకుంటాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి తీసేయగలడు.

సెట్‌తో వచ్చే అసలు ప్రమాదం గుండ్రటి గిన్నె లోపలిభాగంలో పొంచి ఉంటుంది. చదరపు పలకతో గిన్నె లోపల కోయవచ్చని కొన్ని సెట్ల పెట్టెల మీద బొమ్మలుంటాయి. వద్దు. అడుగు నుంచి గోడకు తిరిగే మూలలో పలక మూల కర్రలో గుచ్చుకుని, ముక్క చక్‌లోంచి (కర్రను దవడలతో పట్టే సాధనం) ఊడి రావచ్చు. లోపలికి గుండ్రటి పలకే. వజ్రాకారపుదాని మొనతో గాడులు బాగా తీయవచ్చు కానీ ఆ మొన ఎక్కడుందో వేలికి తెలియాలంటే చాలా అభ్యాసం కావాలి. మొదటి రెండు నెలలు దాన్ని పెట్టెలోనే ఉంచవచ్చు.

సాన పట్టనక్కర్లేదన్నది ఈ టూళ్ల మీద కంపెనీలన్నీ చెప్పే మాట. నిజమే, కానీ మొండిబారిన పలకను గుర్తించాలిగా. పదునుంటే పొట్టు పోగులుగా వచ్చి మణికట్టు మీద పడుతుంది, చప్పుడు సన్నగా ఉంటుంది. పదును పోతే పొట్టు బదులు పొడి రాలుతుంది, చప్పుడు గీరినట్టుంటుంది, తెలియకుండానే చెయ్యి గట్టిగా తోయడం మొదలుపెడుతుంది. చదరపు పలకకు నాలుగు అంచులు. స్క్రూను పలక కొద్దిగా పైకి లేచేంత వరకే వదులు చేసి, పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించాలి. పూర్తిగా ఊడదీస్తే ఆ చిన్న స్క్రూ పొట్టులో పడి దొరకదు. పలక కింద రేణువు ఇరుక్కుంటే బిగింపుకు కార్బైడ్ పగులుతుంది కనుక పాత పళ్లకుంచెతో తుడవాలి. ఎన్ని అంచులు వాడేశామో పలకను తడిమి చెప్పలేం. పిడికి నాలుగు రబ్బరు బ్యాండ్లు వేసి, అంచు మార్చిన ప్రతిసారీ ఒకటి తీసేస్తే లెక్క తప్పదు.

పదును చెవితో పట్టుకోవాలి అంటే గదిలో చప్పుడు తక్కువుండాలి. దుమ్ము పీల్చే మిషన్‌ను లేత్ పక్కన పెట్టి ఆన్ చేస్తే విద్యార్థికి సగం సమాచారం పోయినట్టే. దాన్ని గోడ అవతల పెట్టి గొట్టం మాత్రం ఇవతలికి తేవాలి. అది కుదరకపోయినా దుమ్ము మాస్కు మానకూడదు, టేకు పొడి కూడా కొందరికి ఊపిరి ఆడనివ్వదు. చూపులేనివాళ్లకు ఫేస్ షీల్డ్ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. ఎగిరిన ముక్క కంటిగూటినీ దవడనూ కూడా పగలగొడుతుంది, కృత్రిమ కన్ను ఉన్నవాళ్లకు దెబ్బ ఇంకా చేటు, కొంతమందికి మిగిలిన ఆ కొద్దిపాటి చూపే ఆస్తి. చేతి తొడుగులు, గాజులు, వదులు చొక్కా చేతులు, కొంగు, చున్నీ, విరబోసిన జుట్టు ఏదీ లేత్ దగ్గరికి రాకూడదు.

చూపు కొంత మిగిలినవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. 50 హెర్ట్జ్ కరెంటు మీద చవకరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 25 చుట్లు, ఒక మినుకుకు సరిగ్గా పావు చుట్టు. చదరపు ముక్క ఆ వెలుగులో కదలకుండా నిలబడినట్టు కనిపించగలదు. మసక చూపుతో దాన్ని నమ్మి చెయ్యి పెడితే అంతే సంగతులు. మినుకు లేని దీపం పెట్టడం ఒకటి, కంటిని నమ్మకుండా చెవిని నమ్మడం నేర్పడం ఇంకొకటి.

ఏ సెట్‌లోనూ కొలిచే సాధనం రాదు. దుకాణంలో దొరికే ఎం6 మరకడ్డీ ఒకటి, దానికి రెండు నట్లు కొనండి. ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం సరిగ్గా ఒక మిల్లీమీటరు, అంటే నట్టును ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు, ఆరు ముఖాల్లో ఒక ముఖం తిప్పితే అందులో ఆరోవంతు. రెండో నట్టుతో మొదటిదాన్ని లాక్ చేస్తే కడ్డీ కొస నుంచి నట్టు దాకా ఉన్న ఆ కొలత చెదరదు. సన్నటి కాడలు కొలవడానికి రెంచి సెట్ చాలు: 10, 13, 17, 19 నంబర్ల ఓపెన్ రెంచీలు. మిషన్ ఆపి రెంచిని కర్రకు తొడిగి చూడాలి, జారితే కొలత వచ్చినట్టు. చక్ పట్టుకునే టెనన్‌కు (ముక్క కొసన తీసే గుండ్రటి బుడిపె) ప్లైవుడ్‌లో సరిపోయే రంధ్రం కోసి గేజ్‌గా వాడాలి. దవడలు మూసి ఉన్నప్పటి వ్యాసానికన్నా కొద్దిగా పెద్దదైతే పట్టు బాగా దొరుకుతుంది. టెనన్ కొస చక్ అడుగుకు తగలకూడదు, భుజం మాత్రం దవడల మీద చుట్టూ ఆనాలి. ఆ సందులో గోరు దూరిందంటే ముక్క ఊగుతుంది. గిన్నె లోతుకు ముందే కాలర్ బిగించిన బరమాతో రంధ్రం వేసి, ఆ రంధ్రం జాడ వేలికి తగలకుండా పోయేదాకా కోస్తే చాలు. గోడ మందం చెప్పడంలో బొటనవేలూ చూపుడువేలూ కాలిపర్‌కు ఏమాత్రం తీసిపోవు. ఉప్పుకాగితాలను వేలితో గుర్తుపట్టేందుకు 120 నంబరుదానికి ఒక మూల, 180కి రెండు, 240కి మూడు మూలలు కత్తిరించి పెట్టుకోవాలి.

ఈ సెట్ కొనేవాళ్లు లేత్‌ను కూడా సరిచూసుకోవాలి. వేగం అంకెల్లో చూపించే తెర, తాకితే పనిచేసే చదును బటన్లు చూపులేనివాళ్లకు అడ్డంకి. వేళ్లకు ఆనే తిప్పుడు గుండ్రం కావాలి, దాని చుట్టూ మూడు చోట్ల ఉబ్బెత్తు చుక్కలు అంటించాలి. మిషన్ ఆపిన ప్రతిసారీ ఆ గుండ్రాన్ని సున్నాకు తిప్పే అలవాటు తప్పనిసరి. లేదంటే మరుసటి ముక్క పాత వేగంతోనే మొదలవుతుంది. బెల్టును తక్కువ వేగం పుల్లీలో ఉంచేస్తే గుండ్రం ఎంత తిప్పినా హద్దు దాటదు. ఉల్టా తిప్పే స్విచ్ ఉంటే దాన్ని మూసేయండి, ఆ దిశలో చక్ మర విప్పుకుని ఊడిపోవచ్చు. ఆపే స్విచ్ మోకాలికి అందాలి.

ఇక ఈ సెట్ గురించి మాకున్న ఒకే పెద్ద అభ్యంతరం. కార్బైడ్ టూల్ కర్రను గీకి తీస్తుంది. మెత్తటి కర్ర మీద, ముఖ్యంగా పోగు అడ్డం తిరిగిన చోట, ఉపరితలం చిరిగినట్టు వస్తుంది, ఉప్పుకాగితంతో ఎక్కువసేపు పోరాడాలి. చాలా శిక్షణలు ఇక్కడే ఆగిపోతాయి: చూపులేనివాడికి గౌజ్ కష్టం, కార్బైడ్‌తోనే ఉండనీ అని. ఇది అన్యాయం. గౌజ్ వాలు ముఖం కర్రకు ఆనినప్పుడు చేతికి అందే సమాచారం కార్బైడ్‌లో ఎప్పటికీ అందదు. గౌజ్‌ను ముందు రెస్ట్‌కు ఆనించి, తర్వాత వాలు వెనుకభాగాన్ని తిరిగే కర్రకు ఆనిస్తే అది కోయకుండా రాసుకుంటూ ఉంటుంది. పిడిని మెల్లగా పైకి ఎత్తుతుంటే ఒకచోట పొట్టు మొదలవుతుంది. ఆ క్షణాన్ని చూపున్నవాళ్లు కూడా చూడలేరు, పట్టుకునేది చెయ్యే. కాబట్టి 20, 25 ముక్కలు కార్బైడ్‌తో గుండ్రం చేశాక రఫింగ్ గౌజ్ (చదరపు ముక్కను గుండ్రం చేసే వెడల్పాటి గౌజ్) చేతికి ఇవ్వాలి. అది కాడ పనికి, అంటే రెండు సెంటర్ల మధ్య బిగించిన పొడవాటి ముక్కలకు మాత్రమే, గిన్నెల్లో వాడితే పిడిలో దూరే సన్నటి తోక విరుగుతుంది. సాన పట్టడానికి కూడా వెనకాడనక్కర్లేదు. సాన జిగ్‌లోంచి (సాన పట్టేటప్పుడు ఉలిని పట్టి ఉంచే బిగింపు) ఉలి ఎంత పొడుచుకు రావాలో బల్లకు కొట్టిన చెక్క దిమ్మే చెబుతుంది, కోణం ప్రతిసారీ ఒకటే వస్తుంది.

మూడూ కలిపి కొనే బదులు, ఒకే మందం చదరపు కడ్డీ ఉన్న చదరపు టూల్, గుండ్రటి టూల్ విడిగా దొరికితే ఆ రెండే కొనండి. మిగిలిన డబ్బుతో ఒక స్టెబ్ సెంటర్, షాఫ్ట్ కాలర్, అదనపు పలకలు వస్తాయి. పలకలు అదే కొలతలో వేరేచోట కూడా దొరుకుతాయో లేదో ముందే తెలుసుకోండి, కొన్ని కంపెనీల స్క్రూ రంధ్రం ఇంకో పలకకు సరిపడదు. రెండు టూళ్ల పిడులూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంటికి రాగానే చదరపుదాని పిడికి నాలుగు చుట్లు గట్టి దారం, గుండ్రటిదానికి ఒకే చుట్టు చుట్టి, రెండింటికీ గోడ మీద వేర్వేరు గూళ్లు కేటాయించండి. పలక వైపు ఎప్పుడూ గోడకేసి, పిడి బయటికి.